కట్టె ఉచితంగా పోయింది, మొద్దు మిగిలింది: 24 గుంటల తుమ్మకంప జాగలో ఇంటి పునాది

ఈ కేసు నల్లగొండ జిల్లా దక్షిణపు మండలాల్లోని ఒక ఊరిది. యజమాని పేరు, సర్వే నంబరు, ఊరి పేరు వదిలేశాం. కొలతలు, గంటలు, లెక్కలు మాత్రం పని పుస్తకంలో రాసుకున్నవే. సర్కారు తుమ్మ నిండిన జాగలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. చదును చేసే ముందు ఇది చదివితే కొంతమందికైనా డబ్బు, సమయం మిగులుతాయని రాస్తున్నాం.

జాగ, దాని నేపథ్యం

మొత్తం 24 గుంటలు, అంటే 2,904 గజాలు. పడమర ఎత్తు, తూర్పు పల్లం. పైన అడుగున్నర నుంచి రెండడుగుల ఎర్ర చెల్క, దాని కింద గట్టి మొరం. తూర్పు దిగువ మూలలో మాత్రం సన్నటి నల్లరేగడి పట్టీ ఉంది. సుమారు 15 ఏండ్లుగా సాగు లేదు. యజమాని ఉద్యోగరీత్యా దూరంగా ఉండేవారు. ఇప్పుడు 1,400 చదరపు అడుగుల ఇల్లు కట్టుకుని స్థిరపడదామని వచ్చారు. నాలా మార్పిడి (సాగు భూమిని సాగేతర భూమిగా మార్చుకోవడం), పంచాయతీ అనుమతి అప్పటికే అయిపోయాయి. మిగిలింది జాగ శుభ్రం చేయడమేనని అందరూ అనుకున్నారు.

బీడు పడ్డ చెల్కను సర్కారు తుమ్మ కమ్మడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు, ఊళ్లో మేకలుంటే చాలు. మేకలు, పశువులు కాయలు తింటాయి, గింజ అరగకుండా పేడలో బయటపడుతుంది, వానకు మొలుస్తుంది. అయిదారేండ్లలో మనిషి దూరలేని కంప అవుతుంది. 1877లో కడప ప్రాంతంలో నాటిన ఈ పరదేశీ చెట్టు ఇప్పుడు మన చెరువు శిఖాల్లో, గెట్ల మీద, రోడ్ల పక్కన ఎక్కడ చూసినా ఉంది.

దీని ప్రాణం కాండంలో ఉండదు. నేల మట్టానికి జానెడు కింద, కాండం వేరుగా మారే చోట వేరుమొదలు ఉంటుంది. నిద్రపోయే మొగ్గలన్నీ అక్కడే ఉంటాయి. పైన ఎంత నరికినా ఆ మొగ్గలు లేస్తాయి. అడుగు, అడుగుంబావు లోతున వేరుమొదలును కోసి తీసేస్తే కింద మిగిలిన వేరు మళ్లీ చిగురించదు. ఈ కేసులో జరిగిన నష్టమంతా ఈ ఒక్క సంగతిని పట్టించుకోకపోవడం వల్ల వచ్చిందే.

మాకు అప్పగించేనాటికి జరిగిపోయినవి

మొదటి ప్రయత్నం జనవరిలో బొగ్గు బట్టీ వాళ్లకు అప్పగించడం. తుమ్మ కట్టె బొగ్గుకు మంచిది కాబట్టి "రూపాయి ఇయ్యక్కర్లేదు, మేమే కొట్టుకుపోతం" అన్నారు. యజమానికి అది లాభంగానే కనిపించింది. వాళ్లు నలభై రోజుల్లో 112 చెట్లు కొట్టారు. వాళ్లకు కావలసింది కట్టె కాబట్టి మడమ ఎత్తు దాకా ఏమీ వదలకుండా కోసుకున్నారు. కంప, రెమ్మలు అక్కడే పడేశారు. ఉత్తరపు గెట్టు వెంట ఉన్న 27 చెట్లను మాత్రం పక్క రైతు తనవని అడ్డు చెప్పడంతో ముట్టలేదు. ఆ గొడవే తర్వాత మాకు కలిసొచ్చింది.

బట్టీ వాళ్ల తప్పు ఇందులో లేదు, వాళ్లు చేసుకున్న ఒప్పందం కట్టెకే. జూన్ వానలకు ఒక్కో మొద్దు నుంచి ఎనిమిది, పది, కొన్నిటికి పదిహేను పిలకలు లేచాయి. ఆగస్టు నాటికి భుజం ఎత్తు పెరిగాయి. ఒక్క కాండం ఉన్న చోట పొద మొలిచింది. శ్రావణంలో పెట్టుకున్న ముహూర్తం తప్పింది.

రెండో ప్రయత్నం జేసీబీ. రెండు రోజులు ముందు బకెట్‌తో గీకించారు. మొద్దులు సగం విరిగాయి, సగం అలాగే ఉన్నాయి. నాలుగైదు అంగుళాల పైమట్టి, కంప, వేర్లు, రాళ్లు కలిసి తూర్పు పల్లానికి పోగుపడ్డాయి. వాననీళ్లు బయటికి పోయే దారి కూడా అటే ఉండడంతో తర్వాతి వానకు జాగలోనే నీళ్లు నిలిచాయి. ఆ పోగుకు నిప్పు పెడితే పైకంప కాలింది కానీ మట్టిలో కూరుకున్న వేర్లు రోజుల తరబడి లోపల్లోపలే రాజుకున్నాయి. పోగు మీద కాలు పెడితే దిగబడే స్థితి వచ్చింది. మట్టి కలిసిన పోగును ఎప్పుడూ కాల్చకూడదు.

రెండో రోజు సాయంత్రం నైరుతి వైపు జేసీబీ వెనక చక్రం కింద నేల కుంగింది. డ్రైవరు వెంటనే బండిని ముందుకు తీసుకోవడంతో ఎవరికీ ఏమీ కాలేదు. కంప తొలగించి చూస్తే రాతికట్టు అంచు కనిపించింది. అది పాత మోటబావి. పని అక్కడ ఆగింది.

మొదట చేసింది: కాగితాలు, గెట్లు, ముసలాయన మాట

మళ్లీ మిషన్ పిలవమని యజమాని తొందరపెట్టారు. ముందు పాత పహాణీలు (ఏటేటా రాసే భూమి రికార్డులు) తెప్పించమని అడిగాం. ఒక బావి బయటపడ్డ జాగలో రెండోది ఉండదని చెప్పలేం. ఖాస్రా పహాణీ 1954-55 నుంచి తర్వాతి పహాణీల దాకా నీటి వనరు గడి చూడాలి. ఎక్కడైనా బావి అని రాసి ఉంటే జాగలో దాన్ని చూపించేదాకా మిషన్ దింపకూడదు. ఇక్కడ ఒకే బావి నమోదై ఉంది. పక్క చేన్లో గొర్లు కాసే పెద్దాయన కూడా అదే అన్నారు: "ఆడ మోటబాయి ఉండె బిడ్డా. కంప కమ్మి కానొస్తలేదు గని, ఎండకాలంల గూడ ఆ తుమ్మలు పచ్చగ ఉంటయి, సూడరాదు?" ఆయన చెప్పిన గుర్తు అన్ని జాగలకూ పనికొస్తుంది. చుట్టూ కంప వాడిపోయి ఒకే చోట గుండ్రంగా పచ్చగా ఉంటే, అక్కడక్కడ చెక్కిన రాళ్లు పడి ఉంటే, ముందు బావి కోసమే వెతకాలి. మూత లేని పాత బోరు గుంతలు ఇంకా ప్రమాదం. వాటికి ఏ గుర్తూ ఉండదు, కర్రతో పొడుస్తూ నడవాల్సిందే.

ఆ తర్వాత నాలుగు గెట్ల వెంట ఆరడుగుల వెడల్పున మనుషులతో కంప కొట్టించాం. గొలుసు పట్టడానికి దారి లేకుంటే సర్వేయర్ వచ్చినా లాభం లేదు. హద్దురాళ్లు తేలాక ఉత్తరపు 27 చెట్లు ఈ జాగలోవేనని తేలింది. పక్క రైతు సంతకంతో పంచనామా రాయించి అప్పుడే చెట్ల మీద చెయ్యి వేశాం. గెట్టు పంచాయితీ పునాదుల తర్వాత మొదలైతే ఇల్లే ఆగిపోతుంది.

మిగతా చెట్లలో ఒక పెద్ద వేప, నాలుగు ఈతచెట్లు, ఒక జమ్మి ఉన్నాయి. వేప కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అటవీశాఖ అనుమతి, ఈతకు ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి. ఇల్లు వాటి మీద పడదు కాబట్టి అన్నీ ఉంచేశాం. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం, దసరాకు పూజించే చెట్టు. చిన్నప్పుడు దాన్ని తుమ్మ అనుకుని పీకేస్తుంటారు. తేడా ముల్లులో తెలుస్తుంది. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర పొడవాటి నిటారు ముల్లు, తరచు జంటగా ఉంటుంది. జమ్మికి కణుపుల మధ్య, కొమ్మ పొడవునా చిన్న ముళ్లు చెదురుమదురుగా ఉంటాయి. ఉంచాల్సిన ప్రతి చెట్టుకూ ఛాతీ ఎత్తున సున్నం పట్టీ వేయించాం. రంగు గుర్తు కొట్టెయ్యాల్సిన చెట్టుకు వేస్తే, గుర్తు పడనిది మిగిలిపోతుంది. ఉంచాల్సినవి కొన్నే కాబట్టి వాటికి వేస్తే పొరపాటు జరిగే వీలు తక్కువ.

బావితో ఏం చేయాలన్న ఆలోచన

వ్యాసం 18 అడుగులు. తాడుకు రాయి కట్టి వదిలితే 34 అడుగుల లోతు, 26 అడుగుల దగ్గర నీళ్లు. పైన సుమారు 15 అడుగులు మట్టి, మొరం, ఆ కింద రాయి. లోపలికి మనిషిని దింపలేదు. ఏండ్ల తరబడి కంప కుళ్లిన బావిలో ఊపిరాడే గాలి ఉంటుందని నమ్మడానికి లేదు. కొలతలన్నీ పైనుంచే తీశాం.

గీసిన ప్లానులో వంటింటి మూల బావి అంచుకు 11 అడుగుల దూరంలోనే ఉంది. బావి పూడ్చేసి అదే ప్లానుతో కడదామన్నది మేస్త్రి మాట. మేం ఒప్పుకోలేదు. 34 అడుగుల గుంతలో పైనుంచి మట్టి పోయగలం గానీ అడుగున దాన్ని కుదించలేం. పోసిన మట్టి వానకో వాన దిగుతూనే ఉంటుంది. ఆ దిగుడు పక్కనున్న పునాదిని కూడా లాగుతుంది. మట్టి ఉన్న లోతు 15 అడుగులు కాబట్టి దానికి రెట్టింపు, 30 అడుగులు దూరం ఉంచాలని నిర్ణయించాం. ఇల్లు ఈశాన్యం వైపు జరిగింది.

ఇంట్లో పెద్దవాళ్లకు మరో బాధ ఉంది. నైరుతిలో బావి ఉండొద్దంటారు, అందుకని పూడ్చాల్సిందేనన్నారు. ఆ మాటను కాదనే అవసరం రాలేదు. కాంపౌండు గోడను బావికి ఇవతలగా కట్టి, బావిని ఇంటి ఆవరణ బయటికి వదిలేశాం. చుట్టూ మూడున్నర అడుగుల గోడ కట్టి, మీద ఇనుప జాలీ బిగించి, పైకప్పు నీళ్లు ఇసుక, కంకర వడపోత గుండా అందులోకి పోయేలా పైపు పెట్టాం. వాస్తు పట్టింపు, బోరుకు నీటి ఊట రెండూ తీరాయి.

మొద్దులు తీయడం

అక్టోబరు దాకా ఆగమని చెప్పాం. ఈ ఆగడం యజమానికి కష్టంగానే తోచింది. ఎండాకాలంలో చెల్క ఇటుకలా బిగుస్తుంది, వేరు తెగుతుంది తప్ప ఊడి రాదు. ముసురులో మిషన్ దిగబడుతుంది. మంచి వాన పడిన నాలుగు నుంచి ఆరు రోజులకు మట్టిని పిడికిట పడితే ముద్దయి, వేలితో నొక్కితే పొడిపొడి అవుతుంది. ఆ పదును చూసి మొదలుపెట్టాం.

ఈ లోపు మొద్దుల మీద ఉప్పు పోద్దామని ఒకరు, యాసిడ్ పోద్దామని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఇల్లు కట్టే జాగలో ఉప్పు ససేమిరా వద్దు. అది నేలలో మిగిలి తేమతో పునాది కాంక్రీటులోకి ఎక్కితే ఇనుము తుప్పు పడుతుంది. చెట్టు చచ్చినా వేరు నేలలోనే ఉంటుంది కదా, మన బాధ ఆ వేరుతోనే.

మిషన్ విషయంలో 20 టన్నుల హిటాచీ తీసుకున్నాం. ఏడెనిమిది టన్నుల జేసీబీ ఆరంగుళాల లోపు మొద్దుకు చాలు, ఇక్కడ సగానికి పైగా తొమ్మిది అంగుళాలు దాటినవే. పైగా గొలుసు చక్రాలకు పంక్చర్ భయం లేదు. రెండో ప్రయత్నంలో జేసీబీ టైర్లకు ముళ్లు దిగి అరపూట పోయిందట.

ఒకే జాగలో రెండు రకాల చెట్లు ఉండడంతో పక్కపక్కన పోల్చి చూసే అవకాశం వచ్చింది. గెట్టు మీది 27 చెట్లకు కొమ్మలు తీయించి, కాండం నాలుగడుగుల ఎత్తున ఉంచాం. హిటాచీ ఒక పక్క రెండడుగుల కాలువ తీసి, ఆ పక్క వేర్లు కోసి, కాండం తలను బకెట్‌తో అటే నెట్టింది. నాలుగడుగుల కాండం గడ్డపారలా పనిచేసి వేరుముద్దతో సహా లేచింది. ఒక్కోదానికి సగటున 7 నిమిషాలు పట్టింది. మడమ ఎత్తున కోసిన 112 మొద్దులకు మిషన్‌కు పట్టు దొరకలేదు. మూడు పక్కలా తవ్వి వేర్లు కోసి, నాలుగో పక్క నుంచి పళ్ల బకెట్‌తో ఎత్తాల్సి వచ్చింది. సగటున 20 నిమిషాలు. మొదలు మందంలో రెండు రకాలకూ పెద్ద తేడా లేదు. ఒక్కో మొద్దుకు 13 నిమిషాలు ఎక్కువ అంటే 112 మొద్దులకు 24 గంటల పైచిలుకు హిటాచీ అదనం. ఉచితంగా ఇచ్చిన కట్టెకు యజమాని కట్టిన వెల అదే. తవ్విన గుంతలు పెద్దవి కావడంతో పూడ్చడానికి పోసిన మొరం దానికి అదనం.

బొగ్గు బట్టీ వాళ్లకు ఇవ్వడం తప్పని దీని అర్థం కాదు. ఇచ్చేటప్పుడే ఛాతీకి కాస్త కింద, నాలుగడుగుల ఎత్తున కొయ్యాలని, ఊడిన మొద్దులు కూడా తర్వాత వాళ్లకేనని మాట్లాడుకోవాలి. వేరుముద్ద కట్టె కూడా బొగ్గుకు పనికొస్తుంది కాబట్టి ఒప్పుకుంటారు. ఈ జాగలో ఊడదీసిన మొద్దులను చివరికి వాళ్లే ట్రాక్టర్లు పెట్టి తీసుకుపోయారు.

ఎంత లోతున తీయాలన్నది జాగలో చోటును బట్టి మార్చాం. ఇల్లు పడే చోట, చుట్టూ కొంత ఖాళీ కలిపి 80 అడుగులకు 70 అడుగులు. అందులో 31 గుంతలు పడ్డాయి. అక్కడ బొటనవేలి మందం దాటిన ప్రతి వేరూ మూడడుగుల లోతు దాకా తీశాం. ఆ వేరు కుళ్లితే దాని దారి ఖాళీ అవుతుంది, చెదలకు ఇల్లవుతుంది. బయట చోట్ల మళ్లీ చిగురించకుంటే చాలు కాబట్టి అడుగున్నర లోతున వేరుమొదలు వరకే తీశాం. అంతటా మూడడుగులు తవ్వితే మిషన్ గంటలు వృథా, గుంతలు పూడ్చే ఖర్చు ఇంకా వృథా.

మొద్దులయ్యాక తొమ్మిది నాగళ్ల కల్టివేటర్‌తో నిలువు, అడ్డం రెండు సాళ్లు దున్నించాం. వెనక ఆరుగురు మనుషులు మూడు రోజులు వేర్లు ఏరారు. మందపు సోలు బూట్లు, తోలు చేతి తొడుగులు అందరికీ ఇచ్చాం. తుమ్మముల్లు కీలులో విరిగితే వారాల తరబడి వాపు తగ్గదు. కంప కొట్టేటప్పుడు పడమర నుంచి మొదలుపెట్టి తూర్పుకు జరిగాం, తూర్పు దిక్కు ఖాళీగా ఉంచాం. నాలుగు దిక్కుల నుంచీ కమ్ముకుంటే పాములు నడిమధ్య చిక్కుకుని మనుషుల మీదికే వస్తాయి. ఈ నేలల్లో రాలిన ఆకు కింద రక్తపింజర కదలకుండా పడుకుంటుంది, అది ఉందని తెలిసేలోపే కాలు పడుతుంది. పాము మందు ఉన్న దవాఖానా ఏదో, బండి ఎవరిదో పని మొదలుకాక ముందే అందరికీ చెప్పి పెట్టాం.

గుంతలు పూడ్చడంలో మా పొరపాటు

ఒక్కో గుంత అయిదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు అనుకుంటే సుమారు 60 ఘనపుటడుగులు. 31 గుంతలకు 1,860. కుదింపుకు మూడో వంతు కలిపితే 100 ఘనపుటడుగుల ట్రాలీలు 25. అన్నీ బయటి మొరమే. జాగలోని పైమట్టిలో వేరుముక్కలు, గింజలు ఉంటాయి, దాన్ని ఇంటి కిందికి రానివ్వలేదు.

మొదటి రోజు మా పర్యవేక్షణ సరిపోలేదు. హిటాచీ ఆపరేటరు ఒక్కసారే రెండడుగుల మందాన మొరం పోసి, ట్యాంకర్ నీళ్లు వదిలాడు. పైన గట్టిగా, బాగానే కనిపించింది. మర్నాడు 12 మిల్లీమీటర్ల చువ్వను చేత్తో నొక్కితే నాలుగు గుంతల్లో మూడింట 14 అంగుళాల దాకా దిగింది. నీళ్లు నిలబెడితే మొరం కుదురుతుందని చాలామంది నమ్మకం. జిగురున్న మొరంలో నీళ్లు పైపొరను బురద చేసి బిగిస్తాయి, కింద గుల్లగానే ఉంటుంది. ఆ మూడూ తవ్వించి మళ్లీ మొదలుపెట్టాం. గుంత అంచులను మెట్లుగా కోసి, ఆరంగుళాల పొర, చల్లినట్టు నీళ్లు, ప్లేట్ కంపాక్టర్ నాలుగు సార్లు, మూలల్లో దిమ్మిస. తర్వాత కోర్ కట్టర్‌తో (మట్టి నమూనా తీసే ఇనుప గొట్టం) అయిదు చోట్ల సాంద్రత చూస్తే అన్నీ ప్రయోగశాల గరిష్ఠ సాంద్రతలో 95 శాతం దాటాయి.

12 పిల్లర్లలో 5 ఈ గుంతల మీద గానీ అంచు మీద గానీ పడ్డాయి. ఫుటింగ్ లోతు ఎలాగూ అయిదడుగులు కాబట్టి మూడు చోట్ల ఇబ్బంది లేదు. రెండు చోట్ల నిలువు వేరు వెంట తవ్వింది అయిదున్నర అడుగులు దాటింది. అక్కడ ముట్టని మొరం తగిలేదాకా దిగి, ఫుటింగ్ మట్టం వరకు 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు నింపాం. నిజానికి ఇలాంటి జాగల్లో పిల్లర్ల కన్నా ఫ్లోరుకే ముప్పు ఎక్కువ. పిల్లరు గట్టి నేల మీద నిలుస్తుంది, పోసిన మట్టి మీద నిలిచేది ఫ్లోరే. టైల్స్ కింద డబ్బా శబ్దం, గోడ మొదట్లో పగులు రెండేండ్ల తర్వాత ఇక్కడి నుంచే వస్తాయి.

తూర్పు నల్లరేగడి మీద ఏమీ కట్టలేదు. తుమ్మలు ఏండ్లుగా నీళ్లు లాగిన రేగడి, చెట్లు పోయాక తేమ పట్టి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కొన్నేండ్ల దాకా సాగొచ్చు. పోగు తీసేసి పాత నీటిదారిని తిరిగి తెరిచి, ఆ మూలను తోటకు వదిలాం.

చెదలకు ఐఎస్ 6313 (చెదల నివారణకు ఉన్న భారతీయ ప్రమాణం) పద్ధతినే పాటించాం. క్లోరోపైరిఫాస్ 20 శాతం మందు లీటరుకు 19 లీటర్ల నీళ్లు. ఫుటింగ్ గుంతల అడుగున, బేస్‌మెంట్ మొరం పైన చదరపు మీటరుకు 5 లీటర్లు, గోడల వెంట పూడ్చిన మట్టికి 7.5 లీటర్లు. ఇంటి చోటులో ఉన్న రెండు పుట్టలకు గునపంతో రంధ్రాలు చేసి మందు పోసి తర్వాత తవ్వించాం. ఉత్తరపు గెట్టు దగ్గరి మూడో పుట్టకు నాగుల పంచమికి ఊరి ఆడవాళ్లు పాలు పోస్తారు. అది ఇంటికి 70 అడుగుల దూరం, తీయాల్సిన అవసరం లేదు. అటువైపు దారి వదిలి గోడ కట్టాం.

తర్వాతి రెండు వానాకాలాలు

నేలలో పడి ఉన్న గింజ ఏండ్ల పాటు మొలుస్తుంది. మొదటి వానాకాలంలో జాగంతా తుమ్మ మొలకలు లేచాయి. జానెడు దాటకముందు తడి నేలలో చేత్తో పీకితే వేరుతో సహా వస్తాయి, నెల ఆగితే గడ్డపార కావాలి. జూలైలో, సెప్టెంబరులో రెండుసార్లు ఇద్దరు మనుషులతో ఏరించమని యజమానికి రాసి ఇచ్చాం, ఆయన చేయించారు. మేకలు రాకుండా కడీలు పాతి జాలీ వేశారు. రెండో ఏడు మొలకలు బాగా తగ్గాయి. మొద్దు తీసిన చోట్ల చిగురించినవి మూడే, మూడూ ఇంటి బయట, అడుగున్నర కన్నా పైన వేరుమొదలు ముక్క మిగిలిన చోట్లు.

ఇంట్లో ఇప్పటికి పగులు లేదు. గేటు నుంచి ఇంటికి వచ్చే దారిలో మాత్రం ఒక చోట రెండంగుళాలు కుంగింది. తవ్వి చూస్తే అది దారి కింద పడ్డ మొద్దు గుంత. ఇంటి హద్దు బయట అని పైమట్టితో పూడ్చినది. బండ్లు తిరిగే దారిని కూడా ఇంటి చోటు లెక్కలోనే కలపాల్సింది. ఇప్పుడు ఆ గుంతను మొరంతో ఆరంగుళాల పొరల్లో నింపి సరిచేశాం. దారి కింద అలాంటివి ఇంకా నాలుగున్నాయి, వాటినీ వచ్చే వానల్లోపు తీయించాలి.